ఎదుగు కుక్కను తొలిసారి పొలమునకు తీసికొనిపోవుట
(ముందు ఆగుట నేర్పవలెను, పిమ్మట తరుముట)

మీ కుక్కపిల్లకు ఎనిమిది నెలలు నిండినవి. ఇల్లు కాయుట నేర్చినది. ఒకనాటి ఉదయము దానిని వెంటబెట్టుకొని వేరుసెనగ చేనికి పోవుదురు. గట్టుమీది గడ్డిలోనుండి కౌజుపిట్టల జంట యొకటి బుర్రుమని లేచును. కుక్క చెవులు నిక్కించి, ఒక్క దూకు దూకి, గట్లు దాటి, పొరుగువాని చేనిలో పడి, కంటికి కనబడకుండ పోవును. మీరు పిలుతురు, అది వినదు. అరగంట తరువాత నాలుక వ్రేలాడవేసికొని తిరిగి వచ్చును. కోపము పట్టలేక మీరొక దెబ్బ వేయుదురు.

ఆ అరగంటలో ఆ కుక్క రెండు పాఠములు నేర్చినది. పిట్టను తరుముట మిక్కిలి సంతోషకరమైన పని యనునది మొదటిది. యజమాని యొద్దకు తిరిగివచ్చిన దెబ్బ పడుననునది రెండవది. ఈ రెండును మీరు నేర్పదలచినవి కావు. కాని నేర్పినవారు మీరే.

కుక్కకు పిట్ట దొరకనక్కరలేదు. తరుముటయే దానికి బహుమానము. అందుచేత ఒకసారి రుచి మరిగిన కుక్క, మరునాడు ఆ గట్టు కనబడగానే మీ చేతిలోని త్రాడు లాగుట మొదలిడును. పది దినములు ఇట్లు జరిగినచో దానిని మరల దారికి తెచ్చుటకు నెలలు పట్టును. అందుచేతనే పొలములో తొలి పది దినములు కుక్క జీవితమునకు ముఖ్యమైనవని చెప్పవలెను. ఆ పది దినములు ఎట్లు గడుపవలెనో ఈ వ్యాసములో వివరింపబడినది.

వేటకు కాదు, కాపలాకు

పూర్వము మన పల్లెలలో కుక్కను వెంటబెట్టుకొని కౌజులకు, పూరేడు పిట్టలకు వేటకు పోవుట యుండెడిది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి తరువాత జరిగిన సవరణలు అడవి పక్షుల వేటను నిషేధించినవి. పక్షిని చంపుట, పట్టుట, ఉరి వేయుట మాత్రమే గాక, దాని గూటిని, గుడ్లను పాడుచేయుటయు ఈ చట్టము ప్రకారము వేటయే. నెమలి 1963 నుండి మన జాతీయపక్షి. దానిని చట్టము మొదటి షెడ్యూలులో చేర్చినారు. నెమలిని చంపినవారికి 3 మొదలు 7 సంవత్సరముల వరకు జైలుశిక్షయు, జుర్మానాయు పడవచ్చును. కుక్కను ఉసికొలిపి చంపించినను నేరమే యగును.

అయినను పొలములో కుక్కకు పని లేకపోలేదు. వేరుసెనగ విత్తిన వారములో కాకులు, నెమళ్లు చాళ్ల వెంట నడచి గింజలను పెకలించి తినును. కాయ ఊరు దశలో అడవిపందులు రాత్రివేళ వచ్చి పడును. మంచెమీద మనిషికి కునుకు పట్టినపుడు కుక్క చెవి మేలుకొనియుండును. మనము దానికి నేర్పవలసినది ఇంత మాత్రమే: కనిపెట్టుట, మొరిగి తెలుపుట, మీరు చెప్పినపుడు చేని హద్దు వరకు తోలుట, చెప్పగానే ఆగుట. పట్టుట, కొరుకుట దాని పని కాదు.

చేనిలో వాలు పిట్టలన్నియు శత్రువులు కావని కూడ మనము మరువరాదు. కౌజు గింజలతో పాటు చెదలను, పురుగులను ఏరి తినును. నాగలి వెంట నడచు తెల్లకొంగలు, తీగెమీద కూర్చుండు పాలపిట్ట పురుగులను తిని మనకు మేలు చేయును. ఎదుటబడిన ప్రతి రెక్కను తరుము కుక్క, పైరును కాయునది కాదు, పైరును త్రొక్కునది.

ఎట్టి కుక్క తగును?

కాపలాకు ఊరి జాతి కుక్కపిల్ల చాలును. మన ఎండలకు అలవాటుపడినది, కొద్ది మేతతో బ్రతుకునది. ముధోల్ వంటి వేటకుక్కలు చూపుతో వెంటాడు జాతివి. పరుగెత్తు జంతువు కంటబడిన తరువాత వాటిని పిలిచి ఆపుట కష్టము. వాటిని పెంచువారు క్రింద చెప్పిన త్రాడు పాఠమును రెట్టింపు కాలము సాగింపవలెను.

పిల్లను రెండు నెలలు నిండక ముందు తల్లినుండి వేరుచేయరాదు. మూడవ వారము మొదలు మూడు నెలల వయసు దాటు వరకు అది చూచినవానికెల్ల సులభముగా అలవాటుపడును. ఆ రోజులలో దానికి మీ యింటి కోళ్లను, మేకలను, ఎడ్లను, పిల్లలను, ట్రాక్టరు చప్పుడును పరిచయము చేయవలెను. ఈ వయసులో కోళ్ల నడుమ నెమ్మదిగా పెరిగిన కుక్క, పెద్దదైన పిదప కోడి రెక్క కొట్టినంతమాత్రాన ఉలికిపడి దుముకదు.

ఇంటి యొద్ద మూడు మాటలు

పొలమునకు పోవుటకు ముందే కుక్కకు మూడు మాటలు వచ్చి యుండవలెను: “రా”, “ఆగు”, “వదులు”. ఇంటిలోని వారందరును ఒకే మాట వాడవలెను. తండ్రి “రా” అనియు, కొడుకు “ఇట్రా” అనియు, మనుమడు ఈల వేసియు పిలిచినచో కుక్కకు ఏదియు పట్టుపడదు.

పాఠము ఒక్కొక్కసారి ఐదు నిమిషములకు మించరాదు. దినమునకు రెండు మూడు సార్లు, మేతకు ముందు, ఆకలిమీద నున్నపుడు నేర్పవలెను. “రా” అని పిలిచి, రాగానే చిన్న రొట్టెముక్కయో, ఉడికించిన గుడ్డుముక్కయో ఇచ్చి, మెడ నిమురవలెను. “ఆగు” అనినపుడు ఒక్క క్షణము నిలిచినను మెచ్చుకొనవలెను. ఆ క్షణమును దినదినము పెంచవలెను. “వదులు” నేర్పుటకు, నోటిలో నున్న కట్టెకు బదులు అంతకన్న రుచియైన ముక్కను చూపవలెను. బలవంతముగా దవడలు విప్పినచో, అది దొరికినదానిని దాచుకొని పారిపోవుట నేర్చును.

ఒక నియమమును ఎన్నడును తప్పరాదు: పిలిచి కొట్టరాదు. గంటసేపు తిరిగి వచ్చినను, ఒళ్లంతయు బురద చేసికొని వచ్చినను, పిలిచినపుడు వచ్చిన కుక్కకు మంచిమాటయే దక్కవలెను. దాని తప్పునకు మందలింపు తప్పు చేయుచున్న క్షణముననే గాని తరువాత పనికిరాదు. తరువాత కొట్టిన దెబ్బను అది తాను తిరిగివచ్చిన పనికే జమకట్టుకొనును.

డప్పు, టపాకాయ చప్పుళ్లు

పంట కాపలాలో డప్పులు, రేకు డబ్బాలు, టపాకాయలు వాడుట కద్దు. మొదటి దినముననే కుక్క చెవి ప్రక్క టపాకాయ ప్రేలినచో అది బెదరి, త్రాడు తెంపుకొని పారిపోవచ్చును. ఆ బెదురు జీవితాంతము ఉండవచ్చును. కావున చప్పుడును దూరమునుండి మొదలిడవలెను. కుక్క మేత తినుచున్నపుడు ఒకరు వంద అడుగుల దూరమున రేకు డబ్బాను మెల్లగా తట్టవలెను. కుక్క తలయెత్తి చూచి మరల తినినచో, మరునాడు కొంత దగ్గరకు రావలెను. మేత మానినచో మరల దూరము పోవలెను. రెండు మూడు వారములలో చప్పుడనిన దానికి భయము పోవును.

ఇరువది అడుగుల త్రాడు

పొలములో తొలి దినములకు కావలసిన ముఖ్యమైన పనిముట్టు ఇరువది అడుగుల త్రాడు. నూలుత్రాడు మేలు, నైలాను త్రాడు చేతిలో జారినపుడు అరచేయి కాలినట్లు కోసికొనిపోవును. త్రాటికి ముడులు ఉండరాదు, కొయ్యకాళ్లకు తగులుకొనును. దానిని మెడకు గాక, ఛాతీకి భుజములకు చుట్టివచ్చు పట్టాకు కట్టవలెను. పరుగెత్తు కుక్క త్రాడు చివరకు వచ్చినపుడు పడు ఊపు మెడకు తగిలిన గొంతు దెబ్బతినును.

త్రాడును బిగబట్టి నడువరాదు. నేలమీద వదలి, చివరి మూరను చేతిలో ఉంచుకొనవలెను. కుక్కకు స్వేచ్ఛగా తిరుగుచున్నట్లు తోచవలెను గాని, పారిపోవుటకు వీలు ఉండరాదు.

మొదటి దినము

పిల్లకు ఆరు నెలలు దాటి, మూడు మాటలు వచ్చిన పిదప పొలమునకు తీసికొనిపోవచ్చును. ఏడాది నిండు వరకు ఎముకలు, కీళ్లు లేతగా నుండును. కావున దూరపు పరుగులు, సైకిలు వెనుక పరుగెత్తించుట కూడదు. అరగంట నడక చాలును.

పైరు లేని చేనిని ఎన్నుకొనవలెను. జొన్న కోసిన కొయ్యకాళ్ల చేను మంచిది. తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదురక మునుపే తిరిగి రావలెను. తోడుగా మరియొక కుక్కను తీసికొనిపోరాదు. రెండు కుక్కలు చేరిన ఒకదానినొకటి ఎగద్రోసికొని మీ మాట వినవు. మొదటి దినము ఏమియు నేర్పక, గట్లు వాసన చూడనిచ్చి, నడుమ నడుమ “రా” అని పిలిచి ముక్క పెట్టి, తిరిగి రావలెను.

మొదటి పిట్ట లేచినపుడు

కౌజు తరచు ఎగురుట కన్న పరుగెత్తుటకే ఇష్టపడును. పొదలో నక్కి కూర్చుండి, కాలికి తగులునంత దగ్గరకు వచ్చిన పిమ్మట ఒక్కసారిగా పెద్ద రెక్కల చప్పుడుతో లేచును. ఆ చప్పుడునకు మనకే గుండె ఝల్లుమనును. కుక్క సంగతి చెప్పనక్కరలేదు.

పిట్ట లేచుటకు ముందే కుక్క మీకు తెలుపును. ముక్కు నేలకు ఆనించును, తోక కదలిక మారును, నడక మెల్లనగును. ఆ గుర్తును కనిపెట్టుట మీరు నేర్చుకొనవలసిన పాఠము. అపుడు త్రాడును కొంచెము దగ్గరకు తీసికొని, నెమ్మదిగా “ఆగు” అనవలెను. పిట్ట లేచినపుడు మీరు కేకలు వేయరాదు. మీ కేకను కుక్క ప్రోత్సాహముగా తలచును. కాళ్లు గట్టిగా నిలదొక్కుకొని, త్రాడు పట్టి, కదలక నిలువవలెను. కుక్క లాగును, గెంతును, కూయును. ఏమియు అనవద్దు. కొంతసేపటికి అది వెనుకకు తిరిగి మీ ముఖము చూచును. ఆ చూపు కొరకే మీరింత దూరము వచ్చినది. వెంటనే “రా” అని పిలిచి, సంచిలోని మంచి ముక్కను పెట్టి, మెచ్చుకొనవలెను.

పిట్ట ఎగిరిపోయిన తరువాత తనకు మంచిది దొరకునది యజమాని యొద్దనే గాని, పిట్ట పోయిన దిక్కున గాదు అని కుక్కకు తెలియవలెను. తొలి దినములలో రెండు మూడు పిట్టలు లేచినంతనే ఇంటికి మరలవలెను. బాగుగా వినుచున్నదని ఆశపడి పొడిగించినచో, అలసిన కుక్క చివరకు తప్పు చేయును. ఆ తప్పే జ్ఞాపకముంచుకొనును.

తోలుట ఎపుడు నేర్పవలెను?

వరుసగా పది దినములు పిట్ట లేచిన ప్రతిసారియు “ఆగు” అనగానే నిలిచినచో, తోలుట నేర్పవచ్చును. మీరు చేని హద్దు వైపు నడచుచు, “పో” వంటి ఒక మాటను నిర్ణయించి, త్రాడు నిడివిలో కుక్కను ముందుకు పోనీయవలెను. అది కాకులను లేపి మొరిగినపుడు మెచ్చుకొని, హద్దు రాగానే “ఆగు” అని, “రా” అని పిలువవలెను. వెళ్లుట, ఆగుట, వచ్చుట అను మూడు పనులును కలిసి ఒక పాఠము. నడిమి పని తప్పినచో మొదటి పని మానివేసి, మరల త్రాడు పాఠమునకు పోవలెను.

నెమలి విషయమున మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. బరువైన తోకతో అది వెంటనే పైకి లేవలేదు. త్రాడు లేని కుక్క దానిని చేరుట కష్టము కాదు. కావున నెమళ్లు ఉన్న చేనిలో కుక్కను త్రాడుతోనే ఉంచవలెను. కుక్క మొరుగుటయు, మనిషి నడచివచ్చుటయు వాటిని లేపుటకు చాలును.

గుడ్లు పెట్టు కాలము

కౌజు ఎక్కువగా వేసవి మొదలు వానకాలము చివర వరకు, గట్టుమీది గడ్డిలో నేలను గీరి ఆరు ఎనిమిది గుడ్లు పెట్టును. తీతువు మార్చి మొదలు ఆగష్టు వరకు, మరుగు లేని బీటినేలలోనే రాళ్ల నడుమ సాధారణముగా నాలుగు గుడ్లు పెట్టును. ఆ గుడ్లు నేల రంగులో నుండి కంటికి ఆనవు. తీతువు మీ తలమీద తిరుగుచు విడువక అరచుచున్నదన్నచో గూడు దగ్గరలో నున్నదని గ్రహించి, కుక్కను పిలుచుకొని ప్రక్కకు పోవలెను.

ఈ నెలలలో గట్ల వెంట, బీళ్లలో కుక్కను విడువరాదు. దున్నిన చాళ్లలోను, బాటల మీదను పాఠములు చెప్పవలెను. బట్టమేకపిట్ట సాధారణముగా ఒకే ఒక గుడ్డును వట్టినేలమీద పెట్టును. ఆ పక్షి కొరకు 1988లో రోళ్లపాడు అభయారణ్యము ఏర్పడినది. ఎనుబది యేండ్లకు పైగా కనబడక, 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతమున మరల కనబడిన కలివికోడియు నేలమీద బ్రతుకు పక్షియే. ఆ ప్రాంతముల రైతులు కుక్కలను విచ్చలవిడిగా తిరుగనీయరాదు. ఒక కుక్క ఒక పూట పరుగు, అట్టి పక్షికి ఒక యేటి సంతానము కావచ్చును.

ఎండ, నీరు

కుక్కకు మనవలె ఒళ్లంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుట చేతనే అది వేడిని పోగొట్టుకొనును. ఉత్సాహముతో పరుగెత్తు కుక్క తనకు తాను ఆగదు, ఆపవలసినవారు మీరే. ప్రతి పావుగంటకు నీరు పట్టవలెను. నేలమీద మీ అరచేయి ఐదు నిమిషములు గాదు, ఐదు సెకండ్లు నిలువలేనిచో కుక్క పాదమునకును ఆ నేల తగదు.

వడదెబ్బ గుర్తులు: విపరీతమైన రొప్పు, చొంగ, ఎర్రని చిగుళ్లు, తూలుట, వాంతి. వెంటనే నీడకు చేర్చి, ఒంటినిండ మామూలు నీళ్లు పోసి, విసరుచు, పశువైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. నీటిని బలవంతముగా నోటిలో పోయరాదు.

చేనిలోని ప్రమాదములు

పురుగుమందు చల్లిన చేనికి కుక్కను తీసికొనిపోరాదు. పాదములకు అంటిన మందును అది నాకి మ్రింగును. ఎలుకలకు పెట్టు జింకు ఫాస్ఫైడు ఎర కుక్కకు ప్రాణాంతకము; దానికి విరుగుడు మందు లేదు. ఎరను బొరియలలోపలనే పెట్టి మూయవలెను. బ్రోమడయోలోన్ తిని చచ్చిన ఎలుకను తినిన కుక్కకు కొన్ని దినముల తరువాత లోపల నెత్తురు కారుట మొదలగును. దీనికి విటమిను కె–1 తో చికిత్స కలదు గావున ఆలస్యము చేయరాదు. చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టవలెను. “వదులు” అను మాట విలువ ఇట్టిచోట తెలియును.

పందులకని కొందరు పెట్టు కరెంటు తీగెలు, ఉరులు, నాటుబాంబులు మనుష్యులకే మృత్యువు. ఇవి చట్టవిరుద్ధములు. తెలియని చేలలోనికి కుక్కను విడుచుట దానిని వాటికి అప్పగించుటయే.

ఇంటికి వచ్చిన తరువాత కాలివ్రేళ్ల సందులు, చెవులు, చంకలు వెదకి, పల్లేరుకాయలను, గడ్డిముళ్లను, గోమార్లను తీసివేయవలెను. చెవిలో చొచ్చిన గడ్డిముల్లు లోలోపలికి పోవును గాని వెనుకకు రాదు. కుక్క తల ఒకవైపు వంచి విదిలించుచున్నచో పశువైద్యునికి చూపవలెను.

టీకాలు

రెండవ నెలలో పార్వో, డిస్టెంపరు మొదలగు రోగములకు టీకాలు మొదలిడి, నాలుగు నెలల వయసు వరకు మూడు నాలుగు వారముల కొకసారి వేయింపవలెను. మూడవ నెలలో పిచ్చికుక్కరోగమునకు టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరల మరల వేయింపవలెను. ఈ టీకా వేయించని కుక్కను పొలమునకు తీసికొనిపోనేరాదు. పొలములో అది ఊరకుక్కలను, నక్కలను ఎదుర్కొనవచ్చును. ఎవరినైనను కుక్క కరచినచో, గాయమును సబ్బుతో పారునీటిలో 15 నిమిషములు కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పసుపు, సున్నము, కారము పెట్టరాదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. త్రాడు లేక తొలి పిట్టను చూపరాదు.
2. పిలిచి కొట్టరాదు.
3. ఇంటిల్లిపాదియు ఒకే మాట వాడవలెను.
4. బాగుగా వినుచున్నపుడే పాఠము ముగింపవలెను.
5. గుడ్ల కాలములో గట్లకు, బీళ్లకు దూరముగా ఉంచవలెను.
6. రాత్రివేళ కుక్కను ఊరిమీదికి విడువరాదు. మంచె యొద్దనో, ఇంటి యొద్దనో ఉంచవలెను.
7. టీకా, నీరు, నీడ మరువరాదు.

పొరుగువాని గొర్రెపిల్లను పట్టిన కుక్కకు ఊరిలో మరి నిలువ నీడ ఉండదు. కొట్టి చంపుదురు, లేదా ఊరిబయట విడిచివత్తురు. అట్టి కుక్కలలో అనేకములు పుట్టుకతో చెడ్డవి కావు. వాటికి ఆగుట నేర్పినవారు లేకపోయిరి. వచ్చే కారులో విత్తుటకు ముందు నూలుత్రాడు ఒకటి పేని ఉంచుకొనుడు. కౌజు లేచినను నిలిచి, మీ ముఖము వంక చూచు కుక్క మీ చేనికి పదియేండ్ల కాపరి.